సోఫా మీద పులుసు ఒలికితే: లెదర్‌కి మరక కంటే రుద్దుడే ముప్పు

డైనింగ్ టేబుల్ కొన్న ఇళ్ళలో కూడా రాత్రి భోజనం టీవీ ముందుకే చేరింది. పళ్ళెం ఒళ్ళో ఉంటుంది, కళ్ళు మ్యాచ్ మీద ఉంటాయి, పప్పుచారు సోఫా మీద ఉంటుంది. గుడ్డ సోఫా అయితే కవరు ఊడదీసి నానబెట్టేస్తారు. అదే లెదర్ సోఫా అయ్యేసరికి టెన్షన్ మొదలై, చేతికందినదల్లా పెట్టి రుద్దుతారు. గిన్నెలు తోమే లిక్విడ్, నిమ్మచెక్క, శానిటైజర్, ఆఖరికి నెయిల్ పాలిష్ రిమూవర్. పది నిమిషాలు పోయాక చూస్తే పసుపు మరక కాస్త తగ్గి ఉంటుంది, దాని చుట్టూ అరచెయ్యంత మేర సోఫా రంగూ పోయి ఉంటుంది. మరక అయితే వారాల మీద ఎంతో కొంత వెలిసిపోయేది. పోయిన రంగు మాత్రం డబ్బు పెట్టి మళ్ళీ వేయించుకోవలసిందే.

లెదర్ మీద కూర మరక చేసే నష్టం కంటే, దాన్ని పోగొట్టబోయి చేసుకునే నష్టమే చాలాసార్లు పెద్దది. మరకల గురించి మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న తెలివి అంతా నూలుబట్ట మీద నేర్చుకున్నది కావడమే దీనికి మూలం. నూలుబట్ట క్షారానికి బెదరదు. రేవులో చౌడు వేసి ఉడకబెట్టినా, బండకేసి బాదినా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసినా తట్టుకుంటుంది. సబ్బు, వేడినీళ్ళు, బ్రష్షు, ఎండ అనే నాలుగూ బట్టకు మందులు. లెదర్‌కి ఆ నాలుగూ పడవు.

ఎందుకు పడవో తెలియాలంటే లెదర్ ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి. పశువు చర్మంలో ఉండేది ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచు. పచ్చి చర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది. కుళ్ళకుండా దాన్ని ఊనుతారు, అంటే చెక్కల రసంలోనో లవణాల్లోనో నానబెట్టి పదును చేస్తారు. దక్షిణ భారతంలో చాలాకాలం ఈ పనికి వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మలో ముందు వరస పువ్వుగా మనకు తెలిసిన ఆ తంగేడే, దాని బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం కోసం తోళ్ళ పనివాళ్ళకు ముడిసరుకు కూడా. 1884లో అమెరికాలో క్రోమియం లవణాలతో ఊనే పద్ధతికి పేటెంట్ వచ్చాక దారి మారింది. ఇవాళ సోఫాలకు వాడే లెదర్‌లో ఎక్కువ భాగం క్రోమియంతో ఊనిందే. ఏ పద్ధతిలో ఊనినా ఆఖరికి లెదర్ కొంచెం ఆమ్ల గుణంతోనే ఉంటుంది. దాని పీహెచ్ (7కి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 3.5 నుంచి 5 మధ్య. ఒంటి సబ్బు, బట్టల సబ్బు 9 నుంచి 10 దాకా ఉంటాయి. వంటసోడా నీళ్ళది 8 పైమాటే. అంత తేడా ఉన్నదాన్ని పట్టించి మాటిమాటికీ రుద్దితే పీచుకీ, దానికి మెత్తదనం ఇవ్వడానికి ఫ్యాక్టరీలో ఎక్కించిన నూనెలకీ ఉన్న పట్టు సడలుతుంది. లెదర్ బిరుసెక్కి, కూర్చునే చోట మడతల వెంట పగుళ్ళు వస్తాయి.

వేడి సంగతీ అంతే. తడిసిన పచ్చి చర్మం 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ముడుచుకుపోతుంది. క్రోమియంతో ఊనింది 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కానీ, చెక్కలతో ఊనింది 70, 80ల్లోనే చేతులెత్తేస్తుంది. తడిసిన సోఫాను హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పైన వేసిన రంగు పొర పాడవడానికి అయితే అంత వేడి కూడా అక్కర్లేదు.

అసలు కథ ఆ రంగు పొరదే. షాపుల్లో అమ్మే లెదర్ సోఫాల్లో ఎక్కువవాటికి తోలు మీద రంగు కలిపిన యాక్రిలిక్ లేదా పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. దీన్ని పిగ్మెంటెడ్ లెదర్ అంటారు. మనం తాకేది, తుడిచేది ఆ పొరనే. పులుసు పడితే ముందు అడ్డుకునేది కూడా అదే. ఖరీదైన రకం అనిలిన్ లెదర్. దానికి డై మాత్రమే పట్టించి, పైన పొర లేకుండానో నామమాత్రంగానో వదిలేస్తారు. చేతికి మెత్తగా, వెచ్చగా ఉంటుంది, చర్మం గీతలన్నీ కనబడతాయి, పడిన ప్రతి చుక్కనూ తాగేస్తుంది. ఈ రెండిటికీ మధ్యలో సెమీ అనిలిన్ ఉంది. పై భాగాన్ని అరగదీసి మఖమల్‌లా చేసిన నూబక్ వేరు. దాని మీద కూర పడితే ఇంట్లో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

వీటన్నిటికీ బయట, లెదర్ పేరుతో మన ఇళ్ళలో ఉన్నవాటిలో చాలా సోఫాలు అసలు లెదరే కావు. రెక్సిన్, లేదా పీయూ, అంటే గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర. ఇంకొన్ని సగం సగం: కూర్చునే చోట, ఆనుకునే చోట తోలు, పక్కలకీ వెనక్కీ రెక్సిన్. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పేవాళ్ళు తక్కువ. కుషన్ కింద జిప్ తీసి లోపలి అంచు చూస్తే తెలిసిపోతుంది. వెనకవైపు గుడ్డ అల్లిక కనిపిస్తే అది తోలు కాదు. గరుకుగా, స్వెటర్ నూగులా పీచు కనిపిస్తే తోలే, అయితే దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర అతికించిన చౌక రకాలు కూడా ఉన్నాయి. తోలే అని తేలితే, కనబడని మూల ఒక నీటిచుక్క వేసి ఒక నిమిషం చూడాలి. చుక్క ముత్యంలా నిలబడితే పిగ్మెంటెడ్. ఇంకిపోయి అక్కడ నల్లబడితే అనిలిన్. ఇది మరక పడ్డాక చేసే పరీక్ష కాదు, సోఫా ఇంటికొచ్చిన రోజే చేసి గుర్తుపెట్టుకోవలసింది.

ఇక మరక. లెదర్ శుభ్రం గురించి ఎక్కడ వెతికినా దొరికే సలహాలు ఎక్కువగా వైన్, కెచప్, కాఫీ చుట్టూ తిరుగుతాయి. మన ఇంటి మరక అంత సులువుగా లొంగే రకం కాదు. ఆవకాయ నూనె ఒక్క చుక్క తీసుకుంటే అందులో నువ్వులనూనె, ఎండుమిరప ఎరుపు, పసుపు, ఉప్పు, ఆవపిండి అన్నీ ఉన్నాయి. మిరపకి ఎరుపునిచ్చే పదార్థం గానీ, పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ గానీ నీళ్ళలో కరగవు, నూనెలో కరుగుతాయి. అంటే ఇక్కడ నూనె కూడా ఒక మరక, పైగా రంగును మోసుకుపోయే బండి. తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు అంటుకోవడానికి బదులు, నూనెతో పాటు పక్కకి పరుచుకుంటుంది. చిన్న చుక్క కాస్తా రూపాయి బిళ్ళంత అయ్యేది ఇలాగే. కాబట్టి మన మరకల విషయంలో మొదటి సూత్రం: నూనె పోయేదాకా నీళ్ళు తగలకూడదు.

ముందు ముద్దను తియ్యాలి. చెంచా అంచును సోఫాకి దాదాపు పడుకోబెట్టి, మరక బయటి అంచు నుంచి మధ్యకు తోసుకుంటూ ఎత్తాలి. కత్తి వద్దు, గోరు అసలే వద్దు. తర్వాత టిష్యూ గానీ పాత నూలు పంచె ముక్క గానీ మడిచి మరక మీద ఆనించి తియ్యాలి, నొక్కకూడదు. టిష్యూ పీల్చుకోగలిగినంత పీల్చుకుంటుంది. ఆ ముక్క పారేసి కొత్త ముక్క. నూనె మచ్చ టిష్యూకి అంటడం ఆగేదాకా ఇదే పని.

ఈ సమయంలో చూసుకోవలసింది కుట్టు. రంగు పొర ఎంత గట్టిదైనా సూది దిగిన ప్రతిచోటా దానికి రంధ్రం పడే ఉంటుంది. ఆ రంధ్రాల్లోంచి పులుసు నేరుగా తోలు లోపలి పీచులోకి, అక్కణ్ణుంచి కింది ఫోమ్‌లోకి దిగుతుంది. సోఫా మధ్యలో పడిన చుక్క కాసేపు ఆగినా పర్వాలేదు గానీ, కుట్టు వెంట పడింది నిమిషం కూడా ఆగదు. అందుకని చేయి ఎప్పుడూ కుట్టు వైపు నుంచి బయటికి కదలాలి. సీటుకీ వీపుకీ మధ్య సందులోకి జారితే కుషన్ బయటికి లాగేయాలి. ఆ సందులో ఎండిపోయిన చారు వారం తర్వాత వాసన రూపంలో గుర్తు చేస్తుంది.

పైతడి పోయాక మొక్కజొన్న పిండి, అదే వంటింట్లో కార్న్‌ఫ్లోర్ అని ఉండే తెల్లపిండి, మరక మీద మందంగా పరిచి రాత్రంతా వదిలేయాలి. పిండి నూనెను తనలోకి లాక్కుంటుంది. పొద్దున మెత్తటి గుడ్డతోనో, బ్రష్ తగిలించిన వ్యాక్యూమ్‌తోనో తీసేసి, మచ్చ ఇంకా ఉంటే కొత్త పిండి. శనగపిండి సంగతి చాలామందికి తడుతుంది. నలుగు పెట్టి తలంటు జిడ్డు వదిలించిన అనుభవం ఉంది కాబట్టి అది సహజమే. కానీ శనగపిండి స్వయంగా పసుపుపచ్చన, పైగా గరుకు. లేతరంగు సోఫా మీద అది వదిలే మచ్చను మళ్ళీ ఇంకోదానితో తీయాలి. ముగ్గుపిండి అయితే రాయి పొడి, రంగు పొరను గీకేస్తుంది.

నూనె వెళ్ళాకే నీటి వంతు. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళకు వచ్చేది బోరునీళ్ళు. ఆ నీళ్ళు ఆరాక తెల్లటి ఉప్పు చార మిగులుతుంది, నల్ల సోఫా మీద అదే కొత్త మరక. తాగే ఆర్‌ఓ నీళ్ళు వాడితే ఆ బాధ ఉండదు. లెదర్ కోసం అమ్మే న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) క్లీనర్ ఉంటే దాన్ని ముందు గుడ్డ మీదో స్పాంజి మీదో నురగ వచ్చేలా చేసుకుని, ఆ నురగతోనే తుడవాలి. ద్రవాన్ని సోఫా మీద పోయకూడదు. మరకొక్కటే కాకుండా ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఆ ముక్క మొత్తం పలుచగా తుడిస్తే మధ్యలో నీటి వలయం నిలబడదు. తుడిచే గుడ్డ తెల్లదే అయి ఉండాలి. గుడ్డకు అంటుతున్నది కూర రంగా, సోఫా రంగా అన్నది తెల్లగుడ్డ మీదే తెలుస్తుంది. సోఫా రంగు అంటడం మొదలైతే అక్కడికి ఆపేయడం తప్ప వేరే దారి లేదు.

పసుపు దగ్గర చాలామంది హడలిపోయే ఘట్టం ఒకటుంది. సబ్బునీళ్ళు తగలగానే పచ్చటి మరక ఒక్కసారిగా ఎర్రబడుతుంది. సోఫా కాలిపోయిందనో, రంగు విరిగిందనో అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. నిజానికి ఇది ప్రతి తెలుగింట్లోనూ తెలిసిన విషయమే. దిష్టి తీయడానికి పసుపునీళ్ళలో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తారు. క్షారం తగిలితే కర్కుమిన్ ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి పచ్చబడుతుంది. సబ్బు చేసింది సున్నం పనే. అలాగే, ఎర్రబడిన మచ్చ మీద నిమ్మరసం పిండితే పచ్చబడటం చూసి నిమ్మకాయ పనిచేసిందని మురిసిపోనక్కర్లేదు. రంగు మారిందే తప్ప పసుపు అంగుళం కదల్లేదు. ఈలోగా పీహెచ్ 2 దగ్గర ఉండే నిమ్మరసం రంగు పొర మీద తన పని తాను చేసుకుపోతుంది.

సాంబారు పెట్టిన ప్లాస్టిక్ లంచ్‌బాక్స్ ఎన్నిసార్లు తోమినా పచ్చగానే ఉంటుంది. కర్కుమిన్ ప్లాస్టిక్ లోపలికే ఇంకిపోవడం దానికి కారణం. సోఫా పైపొర కూడా ఒక రకం ప్లాస్టిక్కే కాబట్టి, నూనెతో కలిసి రాత్రంతా ఆగిన పసుపు దానిలోకీ అలాగే దిగుతుంది. స్పిరిట్ అయితే కర్కుమిన్‌ను కరిగిస్తుంది, నిజమే. శానిటైజర్ రుద్దితే గుడ్డ పచ్చబడటం చూసి అందరూ సంబరపడేది అందుకే. అదే స్పిరిట్ రంగు పొరను కూడా మెత్తబరుస్తుంది, నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని ఎసిటోన్ అయితే దాన్ని ఊడ్చేస్తుంది. పసుపుకి ఉన్న బలహీనత ఒక్కటే, వెలుతురు. పసుపు అంటిన తెల్లబట్టను ఎండలో ఆరేస్తే మచ్చ పోవడం అందరికీ తెలిసిందే. లెదర్‌ను ఎండలో పెడితే అది కూడా ఎండిపోయి వెలిసిపోతుంది కనుక, కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని వెలుతురులోకి సోఫాను జరిపి ఓపిక పట్టడమే మధ్యేమార్గం. ఒక్కపూటలో తేలే పని కాదు. నాలుగైదు రోజులకు మచ్చ పలచబడటం మొదలైతే దాన్ని అలాగే వదిలేయాలి. చేతులు ఊరుకోకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

టీ, కాఫీ, పాయసం, ఐస్‌క్రీమ్ పద్ధతి వేరు. వీటిలో నూనె తక్కువ, పాల ప్రోటీన్, చక్కెర ఎక్కువ. కాబట్టి వెంటనే అద్ది, చల్లటి నీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచేయొచ్చు. వేడినీళ్ళు తగిలితే పాల ప్రోటీన్ గడ్డకట్టి పట్టేస్తుంది. చక్కెర మిగిలితే చీమలు బారులు తీరతాయి. విజయవాడ, విశాఖ వంటి ఉక్కబోత ఊళ్ళలో వానాకాలం ఆ మిగిలిన తిండిపదార్థం మీదే ముందు బూజు పడుతుంది. కుట్టులోకి దిగిన పాల వాసన మాత్రం పైపై తుడుపుతో పోదు, కుషన్ విప్పి ఫోమ్ ఆరబెట్టాలి. బిర్యానీ నెయ్యి, డాల్డా ఏసీ గదిలో పేరుకుపోతే అదీ ఒకందుకు మంచిదే. కవర్లో చుట్టిన ఐసుముక్క కాసేపు ఆనిస్తే గట్టిపడి చెంచాకి పెళ్ళగా లేచివస్తుంది. చాక్లెట్టూ అంతే.

టూత్‌పేస్ట్‌లో ఉండేది మెత్తటి సాన పొడి. అది మరకను తీయదు, పొరను అరగదీస్తుంది. వెనిగర్‌కి నిమ్మరసం గురించి చెప్పిందే చాలు. పిల్లల వెట్ వైప్స్ ఒకసారికి ఏమీ చేయవు, రోజూ వాడితే చేతులు ఆనే చోట మెరుపు చచ్చిపోతుంది. ఆఖర్న కొబ్బరినూనె రాసి మెరిపించడం అన్నిటికంటే విచిత్రమైన చిట్కా. నూనె మరక పోగొట్టడానికి గంట కష్టపడి సోఫా అంతటికీ నూనె పూయడం అన్నమాట! అది దుమ్మును పట్టేస్తుంది, కొన్నాళ్ళకు ముక్కిన వాసన వేస్తుంది. తలనూనె తగిలి తగిలి సోఫా తల ఆనించే చోట నల్లబడి, జిగటగా మారి, రంగు ఊడటం చూసినవాళ్ళకు ఇంకో రుజువు అక్కర్లేదు.

అనిలిన్ సోఫా ఉన్నవాళ్ళు నూనె చుక్క విషయంలో ఒకటి తెలుసుకుంటే నిద్ర పడుతుంది. అందులో ఇంకిన నూనె మొదట నల్లటి మచ్చగా కనబడినా, పిండితో కొంత తీసేశాక మిగిలింది రోజులు గడిచేకొద్దీ తోలు లోపల పలచగా పరుచుకుని మచ్చ తేలికవుతుంది. నీళ్ళతో కడగబోతే ఆ మచ్చకు తోడు వలయం కూడా వస్తుంది. చెక్కలతో ఊనిన లెదర్ మీద మాత్రం తడి ఇనుప వస్తువు పెట్టకూడదు. టానిన్, ఇనుము కలిస్తే సిరా నలుపు పుడుతుంది, అది కూర మరక కంటే మొండిది.

రెక్సిన్, పీయూ సోఫాలను లెదర్ కంటే గట్టివని మోటుగా తుడిచేస్తుంటారు. కొత్తలో అవి నీళ్ళకీ, కొంచెం సబ్బుకీ నిజంగానే తట్టుకుంటాయి. వాటి కష్టం వేరే చోట ఉంది. రెక్సిన్‌ను మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. నూనె మరక వదిలేస్తే ఆ ప్లాస్టిసైజర్‌ను నూనె బయటికి లాగేస్తుంది, ఆ చోటు బిరుసెక్కి చిట్లుతుంది. పీయూ పొరకు గాలిలో తేమే శత్రువు. ఏళ్ళ తరబడి తేమ తగిలి లోపలే విడిపోతున్న పొర, ఒకరోజు కూర మరక కోసం గట్టిగా రుద్దినప్పుడు పెచ్చులుగా లేస్తుంది. తప్పు ఆ రోజు వాడిన క్లీనర్ మీద పడుతుంది గానీ, ఆ పొర అప్పటికే ఊడటానికి సిద్ధంగా ఉంది. దాన్ని బాగుచేసే మందు లేదు, కవరు మార్చుకోవడమే.

అసలు లెదర్‌కి ఒక అదృష్టం ఉంది: రంగు పోయినా, పసుపు పొరలోకి దిగిపోయినా మళ్ళీ రంగు వేయించుకోవచ్చు. పని తెలిసినవాళ్ళు ముందు ఆ చోటి జిడ్డు పూర్తిగా తీసి, గీతలుంటే ఫిల్లర్‌తో పూడ్చి, రంగు కలిపి స్ప్రే చేసి, పైన రక్షణ పొర వేస్తారు. జిడ్డు తీయకుండా రంగు వేస్తే నెలల్లోనే ఆ రంగు పెచ్చులూడుతుంది. అందుకే ఇంతకుముందు ఏ నూనె పడింది, ఏ క్లీనర్ రాశారు, కొబ్బరినూనె గానీ పాలిష్ గానీ పట్టించారా అన్నవి దాచకుండా చెప్పాలి. రంగు కలిపేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో సరిచూడమనాలి, మచ్చ ఉన్న చోటే కాకుండా కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్క మొత్తానికి వేయమనాలి. ఖర్చు ఎంతవుతుందో తేల్చేది ఆ ముక్క సైజే.